ఆగిపోయిన ఇల్లు, కాలిపోయిన ఇల్లు: నాచెజ్ మేస్త్రుల పనితనం

తాపీపని నేర్చుకునే కుర్రాడికి నాచెజ్‌లో ఒక్క ఇల్లే చూపించమంటే నేను లాంగ్‌వుడ్‌కి తీసుకెళ్తాను. అంతకన్నా నున్నగా మెరిసే ఇళ్ళు, అద్దాలతో, వెండి సామాన్లతో నిండిన ఇళ్ళు ఆ ఊళ్ళో చాలా ఉన్నాయి. ఆ ఇళ్ళలో పని తన ఆనవాళ్ళన్నీ చెరిపేసుకుని కూర్చుంది. లాంగ్‌వుడ్ 1861లో సగంలో ఆగిపోయింది, ఆగిన చోటే నేటికీ ఉంది. గిలాబా ఎక్కని ఇటుక గోడలు, రంగు పడని దూలాలు, పనివాళ్ళు వదిలి వెళ్ళిన రంగు డబ్బాలు, సామాను వచ్చిన చెక్కపెట్టెలు అక్కడే ఉన్నాయి. ఒక మహా భవనం లోపల ఎలా ఉంటుందో చూడాలంటే మామూలుగా దాన్ని పగలగొట్టాలి. ఇక్కడ ఆ అవసరం లేదు.

నాచెజ్ అమెరికా దక్షిణాన, మిసిసిపీ రాష్ట్రంలో, అదే పేరున్న మహానది ఒడ్డున సుమారు 200 అడుగుల ఎత్తు గట్టు మీద ఉన్న చిన్న ఊరు. జనాభా 14,500 చిల్లర. 1716లో ఫ్రెంచివాళ్ళు కోట కట్టారు, తర్వాత ఇంగ్లీషువాళ్ళు, స్పెయిన్‌వాళ్ళు ఏలారు, 1798లో అమెరికా చేతికొచ్చింది. ఆపైన పత్తి. అమెరికాలో మరే ఊళ్ళోనూ లేనంత మంది లక్షాధికారులు అప్పట్లో ఇక్కడ ఉండేవారని గైడ్లు చెబుతుంటారు. ఆ లెక్క నిజమో కాదో గానీ, చుట్టూ ఉన్న ఇళ్ళు చూస్తే వాదించాలనిపించదు. అంతర్యుద్ధంలో 1862లో ఊరు పోరాడకుండానే లొంగిపోవడంతో ఆ ఇళ్ళు కాలకుండా మిగిలాయి. ఆ యుద్ధంలో ఇక్కడి పత్తి ఆగిపోయి లాంకషైర్ మిల్లులు మన దేశం వైపు చూశాయి. మన పత్తి రైతుకి నాలుగేళ్ళు మంచి ధర పలకడానికి ఈ నది ఒడ్డున ఓడలు కదలకపోవడమూ ఒక కారణం.

ఈ ఊరి పనితనం అర్థం కావాలంటే ముందు దాని మట్టి తెలియాలి. మంచుయుగం చివర్లో నదీ మైదానం నుంచి గాలి ఎత్తుకొచ్చి పోసిన పిండిలాంటి మట్టితో ఏర్పడిన గట్టు ఇది. విచిత్రమైన గుణం ఉందీ మట్టికి. నిలువుగా కోస్తే గోడలా నిలబడుతుంది, నీళ్ళు పడితే జారిపోతుంది. ఊరి నుంచి ఈశాన్యంగా నాష్‌విల్ దాకా పోయే పాతకాలపు కాలిబాట నాచెజ్ ట్రేస్ కొన్నిచోట్ల మనిషి తలకన్నా లోతుకి దిగిపోయింది. దాన్ని ఎవరూ తవ్వలేదు. కాళ్ళు, గిట్టలు, బండి చక్రాలు, వాన కలిసి కోసుకుపోయిన దారి అది. ఇక కట్టుబడికి పనికొచ్చే రాయి దగ్గర్లో దొరకదు. దొరికేవి రెండే: ఇటుక చేసుకోవడానికి మట్టి, చిత్తడి అడవుల్లో సైప్రస్ చెట్లు. ఊరి షావుకార్లకేమో గ్రీకు గుళ్ళలాంటి రాతి స్తంభాలు కావాలి, ఇంగ్లండు జమీందార్ల ఓక్ తలుపులు కావాలి, ఇటలీ పాలరాయి కావాలి. వాళ్ళ కోరికకీ ఊరి సరుకుకీ మధ్య ఉన్న దూరాన్ని చేతులతో పూడ్చడమే నాచెజ్ మేస్త్రి పని.

ఎలా పూడ్చారో మెల్‌రోజ్ అనే ఇంట్లో చూడాలి. 1840ల్లో జాన్ మెక్‌మరన్ అనే వకీలు కోసం జేకబ్ బయర్స్ కట్టిన ఇల్లు. ఇప్పుడది జాతీయ పార్కుల శాఖ చేతిలో ఉంది. అక్కడి తలుపులు దూరం నుంచి ఓక్, దగ్గరికెళ్తే ఓక్, వేలితో తడిమితే అప్పుడు సైప్రస్. ఈ పనికి ముందు లేత గోధుమరంగు పూత వేసి ఆరనిస్తారు. దాని మీద పల్చటి ముదురు జిగురురంగు పూస్తారు. అది ఆరేలోపు తోలు దువ్వెనతోనో ఉక్కు దువ్వెనతోనో నిలువునా దువ్వి చెక్క గీతలు తెస్తారు. ఓక్ చెక్కని ఒక కోణంలో కోస్తే అడ్డంగా మెరిసే లేత మచ్చలు కనిపిస్తాయి. వాటి కోసం బొటనవేలికి గుడ్డ చుట్టుకుని తడి రంగుని ఒక్క విసురుతో తుడిచేస్తారు. చివర వార్నిష్. రెండో విసురుకి వీల్లేదు. తుడిచిన మచ్చ మీద మళ్ళీ తుడిస్తే చెక్క మాయమై రంగు మిగులుతుంది. దీన్ని దొంగ ఓక్ అని చప్పరించేవాళ్ళున్నారు. నాకు మాత్రం అసలు ఓక్ పలక కోయడం కన్నా ఇది కష్టమైన విద్యలాగే కనిపిస్తుంది. కోసే రంపానికి చెట్టు ఎలా పెరుగుతుందో తెలియక్కర్లేదు. ఈ రంగులవాడికి తెలియాలి.

అదే ఇంట్లో భోజనాల బల్ల మీద వేలాడే చెక్కడపు పంకా ఒకటి మనవాళ్ళని ఆపేస్తుంది. మన జిల్లా కచేరీల్లో, దొరల బంగళాల్లో తాడు లాగి ఊపిన పంకా వంశానిదే. ఉష్ణదేశాల్లో దొరల అలవాట్లు ఓడలెక్కి ఎంత దూరమైనా పోయాయి. ఇక్కడ దీని తాడు పట్టుకున్నది బానిసల పిల్లలు. దాని బరువు, ఊపు, తాడు నడిచే దారి అన్నీ కొలిచి పెట్టినవే. ఈగల్ని తోలాలి, తింటున్నవాళ్ళ మొహాన గాలి కొట్టకూడదు, కొవ్వొత్తి ఆరకూడదు. వెనక వసారాలో పిలుపు గంటల వరస ఉంది. ఒక్కో గంటది ఒక్కో నాదం, ఏ గది నుంచి పిలుపొచ్చిందో చెవితోనే పట్టాలి. ఎంత నేర్పుగా చేసిన ఏర్పాటు! ఆ నేర్పుని మెచ్చుకుంటూనే, పగలూ రాత్రీ అది ఎవరి చెవుల్లో మోగిందో కూడా తలుచుకోక తప్పదు.

మెల్‌రోజ్ కన్నా ముప్పై ఏళ్ళు ముందరిది ఆబర్న్ అనే ఇల్లు. 1812లో లెవీ వీక్స్ కట్టాడు. ఈ వీక్స్ కథ వేరే ఉంది. న్యూయార్క్‌లో ఎల్మా సాండ్స్ అనే యువతి హత్య కేసులో 1800లో ముద్దాయిగా నిలబడ్డాడు. అతని తరఫున అలెగ్జాండర్ హామిల్టన్, ఆరన్ బర్ కలిసి వాదించారు. నాలుగేళ్ళ తర్వాత ఆ రెండోవాడి తుపాకీకే మొదటివాడు బలయ్యాడు. వీక్స్ నిర్దోషిగా బయటపడ్డాడు గానీ ఊరు బతకనివ్వలేదు. దక్షిణానికి వచ్చి చేరాడు. ఆ ప్రాంతంలో గ్రీకు రోమన్ పద్ధతి స్తంభాల కొలతల్ని మొదటిసారి ప్రయత్నించిన ఇల్లు తనదేనని ఒక స్నేహితుడికి ఉత్తరం కూడా రాశాడు. చూడాల్సింది స్తంభాల్ని కాదు, లోపలి మెట్లని. నడిమి స్తంభం లేకుండా, కింద ఆసరా కనపడకుండా సుడి తిరిగి పై అంతస్తుకి చేరే మెట్లు. ఇలాంటి కట్టడంలో ప్రతి మెట్టూ ఒక కొసన గోడలోకి దిగి ఉంటుంది, ముందరి అంచు కింది మెట్టు మీద ఆనుతుంది. కాలు పెట్టినప్పుడు మెట్టు కిందికి వంగబోతుంది, కింది మెట్టు వంగనివ్వదు, గోడ తిరగనివ్వదు. అలా బరువు ఒకదాని నుంచి ఒకదానికి అప్పజెప్పుకుంటూ నేలకి చేరుతుంది. ఒక్క మెట్టు కొలత అర అంగుళం తప్పినా ఆ తప్పు పైమెట్టుకి పెరిగి చేరుతుంది. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ వంపు వదులవలేదు.

స్టాంటన్ హాల్, రోజలీ, 26 స్తంభాల డన్లీత్ అనే మేడలు కూడా తప్పక చూడండి. ఒకదాని తర్వాత ఒకటి చూస్తే కలిసిపోతాయి కాబట్టి నేను వాటి దగ్గర ఆగను. డన్లీత్‌లో ఒక్కమాట: రాయిలా కనిపించే ఆ స్తంభాలన్నీ ఇటుకే, పైన గచ్చు.

మరి సైప్రస్ ఎక్కణ్ణించి వచ్చింది? ఎగువన యాజూ నది చిత్తడి అడవుల నుంచి. పచ్చి సైప్రస్ మాను నీళ్ళలో తేలడం కష్టం. అందుకని చెట్టు నిలబడి ఉండగానే చుట్టూ బెరడు దాటి లోతుగా ఒక కంకణం నరికి నెలల తరబడి వదిలేసేవారు. చెట్టు నిలువునా ఎండేది. వరదలొచ్చినప్పుడు పడగొట్టి, తెప్పలు కట్టి దిగువకి తోలేవారు. నాచెజ్ గట్టు కింద ఆండ్రూ బ్రౌన్ అనే స్కాట్లండు ఆసామి రంపపు మిల్లు ఉండేది. ఆ మిల్లు కలపని పడవల మీద న్యూ ఆర్లియన్స్ దాకా చేర్చిన నాయకుల్లో సైమన్ గ్రే ఒకడు. అతను బానిస. అయినా సిబ్బందిలో తెల్లవాళ్ళు కూడా ఉన్న పడవలకి పెద్ద, డబ్బు లెక్కలు రాసేవాడు, దారిలో బేరాలు చేసేవాడు. మిల్లు కాగితాల్లో అతని రాతలు నిలిచాయి కాబట్టి మనకి పేరు తెలిసింది. అచ్చుల్లో ఇటుకలు పోసినవాళ్ళ పేర్లు ఏ కాగితంలోనూ అంత తేలిగ్గా దొరకవు.

ఊరి నడిబొడ్డున స్టేట్ స్ట్రీట్‌లో విలియం జాన్సన్ ఇల్లుంది. బానిసగా పుట్టి పదకొండేళ్ళ వయసులో విడుదలైన నల్లవాడు, ఊళ్ళో పేరున్న మంగలి. 1835 నుంచి 1851లో హత్యకి గురయ్యేదాకా డైరీ రాశాడు. తానూ బానిసల్ని కొన్నాడు, అది కూడా ఆ డైరీలో ఉంది. 1840 మేలో ఊరిని పెనుగాలి తుడిచిపెట్టింది, మూడు వందల మందికి పైగా చనిపోయారు. జాన్సన్ ఇల్లు ఆ తర్వాత కట్టిందే. ఇటుకతో, ఏ స్తంభాలూ లేకుండా, వీధి అంచునే. కింద అంగడి, పైన కాపురం. నాచెజ్‌లో ఏ వేషమూ వేయని ఇల్లు చూడాలంటే ఇదే.

ఇళ్ళ దారి వదిలి తూర్పుగా కొద్ది దూరం పోతే ఫోర్క్స్ ఆఫ్ ద రోడ్. చూడ్డానికి ఏమీ లేదు. గడ్డి, బోర్డులు, సిమెంటులో పాతిన సంకెళ్ళు. 1833లో కలరా భయంతో బానిసల బేరాన్ని పొలిమేర దాటించినప్పటి నుంచి ఇదే సంత. ఈ ప్రాంతంలో న్యూ ఆర్లియన్స్ తర్వాత ఇంత పెద్దది లేదు. సంత కొట్లు ఎందుకు మిగల్లేదంటే, 1863లో ఉత్తరాది సైన్యం వచ్చాక నల్ల సైనికులే వాటిని విప్పేశారు. విప్పిన కలపని విడుదలైనవాళ్ళ వసతికీ సైన్యానికీ వాడారు. ఈ ఊరి వడ్రంగంలో నాకు బాగా నచ్చిన పని అది.

ఇక లాంగ్‌వుడ్. యజమాని హాలర్ నట్ పత్తి కామందు, వందలమంది బానిసలున్నవాడు. ఫిలడెల్ఫియా వాస్తుశిల్పి శామ్యూల్ స్లోన్ 1852లో అచ్చువేసిన ఇళ్ళ నమూనాల పుస్తకంలో తూర్పుదేశాల పోకడతో ఒక ఎనిమిది పలకల మేడ బొమ్మ ఉంది. నట్‌కి అది నచ్చింది. 1860లో పని మొదలైంది. ఇటుకలు అక్కడే బానిసలు చేశారు. నైపుణ్యపు పనికి ఫిలడెల్ఫియా నుంచి మేస్త్రులు, తయారైన చెక్కసామాను వచ్చాయి. మొత్తం 32 గదులు, నడుమ నేల నుంచి గుమ్మటం దాకా ఖాళీగా పైకి పోయే గుండ్రటి చావడి, శిఖరాన ఉల్లిపాయ ఆకారపు గుమ్మటం. 1861లో యుద్ధం మొదలయ్యేసరికి బయటి రూపు దాదాపు పూర్తయింది, లోపల ఏమీ కాలేదు. ఉత్తరాది పనివాళ్ళు పనిముట్లు దించి ఇళ్ళకి పోయారు. ఊరి పనివాళ్ళు, బానిసలు కలిసి నేలమాళిగలోని తొమ్మిది గదులు పూర్తిచేశారు. నట్ కుటుంబం వాటిలో చేరింది. 1864లో అతను చనిపోయాడు. భార్య జూలియా 1897లో పోయేదాకా ఆ తొమ్మిది గదుల్లోనే బతికింది, తల మీద ఖాళీ అంతస్తుల్ని మోస్తూ.

నేలమాళిగ నుంచి మెట్లెక్కి మొదటి అంతస్తులోకి వస్తే కళ్ళకి ముందు ఆనేది మూలలు. మనిల్లు నాలుగు పలకలది, మూల తొంభై డిగ్రీలది. ఇటుక కూడా తొంభై డిగ్రీలదే కాబట్టి మూల తిప్పడం మేస్త్రికి ఆలోచించాల్సిన పని కాదు. ఎనిమిది పలకల ఇంట్లో మూల నూట ముప్పై అయిదు డిగ్రీలు. మామూలు ఇటుక అక్కడ ఇమడదు. ప్రతి వరసలో ఇటుకని ఏటవాలుగా చెక్కాలి, లేదా దానికంటూ వేరే అచ్చు చేసుకోవాలి. పైగా ఒక వరస అతుకు మీద పై వరస అతుకు పడకూడదు. ఇలాంటి మూలలు బయట ఎనిమిది, లోపల గదుల మధ్య ఇంకా ఎన్నో. గిలాబా వేసి ఉంటే ఈ లెక్కంతా దాని కింద సమాధి అయ్యేది. ఇప్పుడు తలెత్తి వరసలు చదువుకోవచ్చు. తలుపు ఖాళీల పైన ఇటుక కమానులు, దూలం తలలు దిగడానికి గోడలో వదిలిన గూళ్ళు, అన్నీ బయటే ఉన్నాయి.

మధ్యలో నిలబడి పైకి చూస్తే అంతస్తు మీద అంతస్తు అస్థిపంజరంలా చెక్క చట్రం, దాని పైన గుమ్మటం చుట్టూ కిటికీల వెలుగు. వంపు తిరిగిన ఆ గుమ్మటం పెంకు నిజానికి చిన్న చిన్న చెక్కల్ని కోసి, అతికి తీర్చినదే. ఒంటి చెక్కని అంత వంచడం ఎవరివల్లా కాదు. పై కిటికీల వెలుగుని అద్దాలతో కింది నేలమాళిగ దాకా దించాలని స్లోన్ పథకం వేశాడు. అద్దాలు పూర్తిగా అమరలేదు గానీ, ఆ ఆలోచనకి తగ్గట్టు చావడిని నిలువునా తెరిచి ఉంచడం వల్ల వెలుగు ఇప్పటికీ చాలా లోపలికి దిగుతుంది. గాలికీ అదే దారి. వేడిగాలి పైకెక్కి గుమ్మటం కిటికీల్లోంచి పోతుంది, చల్లగాలి కింద నుంచి వస్తుంది. మిసిసిపీ వేసవిలో ఇది అలంకారం కాదు, ప్రాణావసరం. స్లోన్ గుమ్మటం మీద నవ్వినవాళ్ళు, దాన్ని నట్ పిచ్చి అని పిలిచినవాళ్ళు ఈ సంగతి గమనించలేదు. బయటి వసారాల మీద జాలీలాంటి చెక్కడాలు నాకు కొంచెం ఎక్కువ అనిపిస్తాయి, కానీ ఆ గాలి దారికి మాత్రం వంక పెట్టలేను.

ఈ ఇళ్ళన్నిటికన్నా పాత కట్టడం ఊరికి ఈశాన్యంగా పది మైళ్ళ మీద ఉంది. పేరు ఎమరాల్డ్ మౌండ్. నాచెజ్ తెగ పూర్వీకులు సుమారు 1250 నుంచి 1600 దాకా తరాల తరబడి కట్టిన మట్టి వేదిక. ఎనిమిది ఎకరాలు, 35 అడుగుల ఎత్తు. అమెరికాలో ఆ కాలపు వేదికల్లో దీనికన్నా పెద్దది ఇల్లినాయ్‌లో ఒక్కటే. ఇనుము లేదు, ఎద్దు లేదు, బండి లేదు. గంపలతో మోసిందే అంతా. వాళ్ళు చేసిన తెలివైన పని ఏమిటంటే, శూన్యం నుంచి మొదలుపెట్టలేదు. ఉన్న కొండనే ఎంచుకుని, అంచులు చెక్కి, పల్లాలు నింపి, పైభాగం చదును చేశారు. ఆ చదును మీద రెండు కొసల్లో మళ్ళీ రెండు దిబ్బలు లేపారు. నీళ్ళు పడితే జారిపోయే మట్టి అని ముందే అన్నాను. అదే మట్టితో ఇన్ని వందల ఏళ్ళు నిలబడే ఏటవాలు తీర్చడం ఎంత చూపున్న పనో, నది ఒడ్డున ఊరి గట్టు ఎలా విరిగిపడుతుందో చూశాక తెలుస్తుంది.

నాచెజ్ నుంచి నలభై మైళ్ళ దూరంలో పోర్ట్ గిబ్సన్ అనే ఇంకా చిన్న ఊరి దగ్గర విండ్సర్ అనే ఇంటి శిథిలాలున్నాయి. స్మిత్ డేనియల్ అనే కామందు 1859లో మొదలుపెట్టి 1861లో పూర్తిచేసి, కొన్ని వారాలకే 34 ఏళ్ళ వయసులో చనిపోయాడు. యుద్ధాన్ని తట్టుకున్న ఇల్లు 1890 ఫిబ్రవరి 17న అతిథి ఎవరో కాల్చిన చుట్ట నిప్పుకి బూడిదైంది. మిగిలినవి 23 స్తంభాలు. 40 అడుగులు దాటిన ఎత్తు. ఇల్లు ఎలా ఉండేదో చూపే బొమ్మ, ఉత్తరాది సైనికాధికారి హెన్రీ డ్వైట్ 1863లో గీసినది ఒక్కటే దొరికింది.

గచ్చు ఊడిన చోట స్తంభం లోపలంతా ఎర్ర ఇటుక. గుండ్రంగా పేర్చిన ఇటుక మీద గచ్చుతో నిలువు గాడులు తీర్చారు. అడుగు నుంచి శిఖరం దాకా గాడి వంకర పోకుండా తేవడానికి తూకపు దారం, అచ్చు పలక, అలవాటుపడిన మణికట్టు కావాలి. శిఖరాన ఆకుల చెక్కడాల కిరీటాలు మాత్రం పోత ఇనుము. చెక్క అంతా కాలిపోయింది, ఇటుకా ఇనుమూ నిలిచాయి. కొన్ని స్తంభాల మధ్య ఇనుప కటకటాలు గాల్లో వేలాడుతూ ఉన్నాయి, వాటిని ఆనుకుని నిలబడే వసారాలు లేకుండానే. ఇంటి ఇనుప మెట్లు దగ్గర్లోని ఆల్కార్న్ విశ్వవిద్యాలయానికి చేరాయి. 1871లో నల్ల విద్యార్థుల కోసం పెట్టిన విద్యాసంస్థ అది. తొలి అధ్యక్షుడు హైరమ్ రెవెల్స్, అమెరికా సెనేట్‌లో కూర్చున్న మొదటి నల్లవాడు. అంతకుముందు అక్కడున్న కాలేజీ కోసం 1838లో బానిసలు కట్టిన ప్రార్థనామందిరం ముందు ఆ మెట్లు ఇప్పుడున్నాయి.

ఈ స్తంభాలకి నిప్పు కన్నా వాన పెద్ద శత్రువు. పైకప్పు లేక కిరీటాల్లోకి నీళ్ళు దిగుతాయి, పక్షులు విత్తనాలు వేస్తాయి, వేర్లు అతుకుల్లోకి పోతాయి. ఇలాంటి చోట మరమ్మతుకి సిమెంటు పనికిరాదు. ఆ కాలపు ఇటుక మెత్తన, సిమెంటు గట్టి. నీరు అతుకులోంచి బయటికి రాలేక ఇటుక మొహాన్నే పెచ్చులుగా ఊడదీస్తుంది. సున్నం ఇసుక గచ్చయితే తేమని తనలోంచి పోనిచ్చి, అరగాల్సి వస్తే తానే అరుగుతుంది, ఇటుకని అరగనివ్వదు. అలా అరిగిన అతుకుని ఏభై ఏళ్ళకోసారి గీకి మళ్ళీ నింపుకోవచ్చు.